గాజు ఒకటి తక్కువ

కోవిడ్ వార్డులు ఎత్తేసి, వాయిదా వేసుకున్న ఆపరేషన్ల కోసం జనం మళ్ళీ ఆసుపత్రులకు రావడం మొదలుపెట్టిన ఏడాది, ఆషాఢమాసంలో, నన్ను మదనపల్లె నుంచి పుంగనూరుకు బదిలీ చేశారు. నేను పనిచేసిన ట్రస్టుకు అక్కడ ఒక చిన్న శాఖ ఉండేది. ట్రస్టు పేరు ఇక్కడ అవసరం లేదు. నా హోదా థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్. చెప్పుకోవడానికి పెద్ద హోదానే గానీ, నా ఏలుబడిలో ఉన్నవి ఒక ఆపరేషన్ బల్ల, ఒక స్టాఫ్ నర్సు, ఒక అటెండరు. పుంగనూరులో నాకు ఇల్లు అద్దెకిచ్చిన ఆమె ఎక్కడ పనిచేస్తావని అడిగితే థియేటర్లో అన్నాను. వెంటనే కొత్త సినిమాలకు టికెట్లు ఇప్పిస్తావా అంది. ఒక మాట ఇద్దరి చెవుల్లో రెండు రకాలుగా ఎలా పడుతుందో అప్పుడే గమనించి ఉండవలసింది. అంత తీరిక లేకపోయింది.

స్టాఫ్ నర్సు జ్యోతిది కలకడ. చురుకైన పిల్ల. సర్జన్ శ్రీనివాస్ గారిది గుంటూరు. ఆపరేషన్ ఉన్న రోజుల్లో మదనపల్లె నుంచి మత్తు డాక్టరమ్మ వచ్చేది. అటెండరు మునెప్ప యాభై దాటినవాడు. మా దగ్గరికి రాకముందు మదనపల్లె టమోటా మండీలో వేలం పాట పాడేవాడు. ఉద్యోగం మారినా గొంతు మారలేదు. థియేటర్ లోపల నిలబడి అతను గుసగుసలాడితే గేటు దగ్గర వాచ్‌మన్ బదులు పలికేవాడు.

ఇక గాజు సంగతి. ఇంగ్లీషులో గాజ్ అనే పలచని నూలుగుడ్డను మా వైపు ఆసుపత్రుల్లో డాక్టర్లు తప్ప అందరూ గాజు అనే అంటారు. పడుగూ పేకా ఎడం ఎడంగా నేసిన గుడ్డ అది. కంటికి అడ్డం పెట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. అద్దంలా అవతల కనిపిస్తుంది గనక గాజుగుడ్డ అన్నారని మా అమ్మ నమ్మకం. నర్సు శిక్షణకు వెళ్ళేదాకా నా నమ్మకం కూడా అదే. ఆ నేత వదులుగా ఉండటమే దాని గొప్ప. రక్తాన్ని ఇట్టే పీలుస్తుంది, పుండుకు గాలి తగలనిస్తుంది. గాయాలు తుడవడానికి, కట్టు కట్టడానికి, కాలిన చోట మందు రాసి కప్పడానికి అదే కావాలి. ఆసుపత్రి గేటు దాటాక దానికి వేరే ఉద్యోగాలు ఉంటాయి. కాలం చెల్లిన గాజుగుడ్డ స్టాఫ్ ఇళ్ళల్లో పాలు విరిచి వడగట్టడానికి, ఊరగాయ జాడీ మూతికి కట్టడానికి వెళ్ళిపోయేది. మా చర్చిలో క్రిస్మస్ నాటకంలో దేవదూతలందరి రెక్కలూ మా స్టోర్ సరుకే. గబ్రియేలు దూత రెక్క మీద ఆసుపత్రి ముద్ర కనిపించిందని ఒక ఏడాది పాస్టరుగారు నొచ్చుకున్నారు కూడా.

కడుపు కోసి చేసే ఆపరేషన్లో వాడే గాజుకు మాత్రం మర్యాద వేరు. మడతపెట్టిన ఒక్కో ముక్కలో సన్నటి నీలం దారం ఒకటి నేసి ఉంటుంది. పొరపాటున ముక్క లోపల ఉండిపోతే ఎక్స్‌రేలో ఆ దారం కనబడుతుంది. కోత పెట్టకముందు చేతికి గ్లవుజులు వేసుకుని బల్ల దగ్గర నిలబడే నర్సు, గదిలో తిరుగుతూ సామాన్లు అందించే నర్సు ఇద్దరూ కలిసి గట్టిగా లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి. పొట్ట మూసేముందు మళ్ళీ లెక్కపెట్టాలి. ఈ రెండు లెక్కలూ కలిస్తేనే డాక్టరు చేతికి సూది అందాలి. రక్తంలో తడిసిన గాజు ముక్క ఎర్రగా ముద్దయిపోయి, పేగుల మధ్య పేగులాగే ఉంటుంది. లోపల వదిలేస్తే చీము పట్టి మనిషి ప్రాణం మీదికే వస్తుంది. థియేటర్లో సర్జన్ మాటకు ఎదురు లేదు, ఈ లెక్క విషయంలో తప్ప. ఇక్కడ మాట ఇన్‌చార్జి సిస్టరుది.

ఆ రోజు బల్ల మీదికి వచ్చిన మనిషి రెడ్డెమ్మ. పుంగనూరు పక్క పల్లెకు కోడలు, పుట్టిల్లు కుప్పం. అండాశయం మీద పెద్ద గడ్డ. భర్త లారీ డ్రైవరు, టమోటా లోడుతో చెన్నై దారిలో ఉన్నాడు. కూడా వచ్చినవాళ్ళు అత్త నాగమ్మ, తమ్ముడు శంకరప్ప. ఈ శంకరప్ప రోజూ కుప్పంలో రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, పెద్ద పెద్ద కట్టడాలకు అద్దాలు బిగించే పని చేసి, రైల్లోనే తిరిగి వచ్చేవాడు. పగలంతా కన్నడమే మాట్లాడేవాడు.

మొదటి పేచీ గాజుల దగ్గరే వచ్చింది. చేతి గాజుల గురించి చెబుతున్నాను. ఆపరేషన్లో రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చే పరికరం వాడతాం, ఒంటి మీద లోహం ఉంటే అక్కడ చర్మం కాలుతుంది. మట్టి గాజులైతే పగిలి గుచ్చుకుంటాయి. అందుకని అన్నీ తీసేయాలని నిబంధన. నాగమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

“మొగుడు నిక్షేపంగా ఉండాడు. ముత్తైదువ చేతులు బోడి చేస్తారా తల్లీ? ఇదేం ఆచారం మీది?”

“ఆచారం కాదమ్మా, కరెంటు. మా ఇంట్లో మనిషైనా తీయాల్సిందే” అన్నాను.

చాలాసేపు బతిమిలాడాక ఒప్పుకుంది, చేతులకు పసుపుదారం కట్టి ఉంచుతామని మాట ఇస్తేనే. పచ్చగాజులన్నీ తీసి ఆమె చేతికిచ్చాం. ఎడమచేతికి ఉన్న ఒక్క బంగారు గాజు మాత్రం ఊడి రాలేదు. సరే, లోపల సబ్బునురగ పెట్టి తీస్తామని రెడ్డెమ్మను తీసుకువెళ్ళాం.

వెన్నులో మత్తు ఇచ్చారు. పొట్ట నుంచి కాళ్ళదాకా స్పర్శ ఉండదు, మనిషికి మెలకువ ఉంటుంది. మెడ దగ్గర తెర కట్టేస్తాం గనక ఏం జరుగుతోందో కనపడదు, అన్నీ వినపడతాయి. జ్యోతీ నేనూ గాజు లెక్కపెట్టి బోర్డు మీద రాశాం. ఈలోగా నాగమ్మ బయట మళ్ళీ పిలుస్తోందంటే తలుపు దగ్గరికి వెళ్ళాను. పసుపుదారం కట్టారా లేదా అని ఆమె ఆరా. కట్టామని చెబుతుండగానే మునెప్ప నా పక్కనుంచి చెయ్యి చాచి, బంగారు గాజు చుట్టిన చిన్న తెల్లమూట ఒకటి ఆమెకు ఇచ్చాడు. “సబ్బు పెడితే వచ్చేసిందమ్మా, భద్రం” అన్నాడు. ఆమె కొంగున ముడివేసుకుంది. నేను లోపలికి వచ్చేశాను.

ఆపరేషన్ చక్కగా జరిగింది. శ్రీనివాస్ గారి చెయ్యి మంచిది. కొబ్బరికాయంత గడ్డ చెక్కు చెదరకుండా బయటికి వచ్చింది. ఇక మూద్దామని ఆయన అన్నారు. జ్యోతీ నేనూ లెక్క మొదలుపెట్టాం. బల్ల మీదివి, బకెట్లోవి, పరిచి ఆరేసినవి. రెండోసారి లెక్కపెట్టాం. జ్యోతి గొంతు తగ్గించి అంది:

“సిస్టర్, గాజు ఒకటి తక్కువ.”

అందరి చేతులూ ఆగిపోయాయి. తెర అవతల నుంచి ఒక గొంతు వినపడింది.

“నా గాజా అమ్మా? అన్నీ మా అత్త దగ్గరుండాయి. ఒకటి పోతే పోనీలేమ్మా, సంతలో మల్లా కొనుక్కుంటా. మీరు కుట్టేయండి.”

“ఇది సంతలో కొనేది కాదులేమ్మా. నువ్వు కదలకుండా పండుకో” అన్నాను.

శ్రీనివాస్ గారు మళ్ళీ లోపల వెతకడం మొదలుపెట్టారు. చెత్తబకెట్లు, బట్టల మూటలు కూడా చూడాలి. కొన్ని బట్టలు అప్పటికే బయటి గదిలోకి వెళ్ళాయి. మునెప్పను పంపాను. నెమ్మదిగా వెతకమని చెప్పాను. నెమ్మది అనే మాట అతని చేతులకు అర్థమయ్యేది గానీ గొంతుకు ఎక్కేది కాదు. తలుపు తీసి, వరండా ఊడ్చే ఆమెను ఉద్దేశించి వేలం పాట ఎత్తుకున్నాడు:

“గాజొకటి తగ్గింది! బయటికి యాడన్నా వచ్చిందేమో బాగా సూడండప్పా! దొరికేదాకా పొట్ట కుట్టేది లేదంట!”

వరండాలో ఉన్న జనమంతా విన్నారు. తర్వాత నేను కూర్చుకున్న సంగతులు ఇవి. నాగమ్మకు గాజు అంటే చేతి గాజు. కొంగు ముడి విప్పకుండానే తడిమి చూసుకుంది, పచ్చగాజులు ఎన్ని ఇచ్చారో ఆమెకే లెక్క లేదు. ఒకటి తగ్గిందని లోపలివాళ్ళే అంటున్నారంటే నిజమే అయి ఉంటుంది. కోడలి గాజు పోవడం మంచి శకునం కాదు. అంతే, వరండాలో ఉన్న ఆడవాళ్ళందరినీ బెంచీల కింద వెతకమని పురమాయించింది. అందరూ కొంగులు దోపుకుని వంగారు. శంకరప్పకు మాత్రం ఇదేమీ తట్టలేదు. కన్నడంలో గాజు అంటే చేతి గాజు కాదు, అద్దం, సీసా, పెంకు. అతని బతుకంతా ఆ గాజుతోనే. అది చేతికి తగిలితే ఏమవుతుందో అతని వేళ్ళ మీద మచ్చలే చెబుతాయి. అక్క కడుపులో గాజుపెంకు ఉండిపోయిందని అతనికి అర్థమైంది. ఫోన్ తీసి కుప్పానికి, బావకు, తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు.

కాసేపటికి తలుపు దబదబా మోగింది.

“సార్! కుట్టొద్దు సార్! గాజు బయటికొచ్చినాకనే కుట్టండి! లోపల పెట్టి కుట్టేస్తిరో, మా యక్క బతకదు!”

శ్రీనివాస్ గారు తలెత్తి నావైపు చూశారు. “ఎవరండీ అతను? ఏ ఆసుపత్రిలో చేస్తాడు?” అన్నారు. కౌంటు గురించి అంత పట్టుదలగా మాట్లాడే బంధువును ఆయన తన సర్వీసులో చూడలేదట. నేనూ చూడలేదు. అతను అంటున్నది అక్షరాలా మా పాఠ్యపుస్తకంలో ఉన్న మాటే.

నవ్వుకునే పరిస్థితి కాదు. లోపల ఎంత వెతికినా ముక్క దొరకలేదు. మత్తు డాక్టరమ్మ రెండుసార్లు గడియారం వైపు చూసి, వెన్ను మత్తు ఇక ఎక్కువసేపు ఆగదని, దిగడం మొదలైతే పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుందని చెప్పింది. రెడ్డెమ్మకు ఆయాసం ఉంది. పూర్తి మత్తు వద్దనే కదా వెన్నులో ఇచ్చింది. కడుపు తెరిచి ఉంచిన కొద్దీ ముప్పు, మూసినా ముప్పు. ఎక్స్‌రే మిషన్ తెప్పించమని డాక్టరుగారు అన్నారు. ఎక్స్‌రే అబ్బాయి భోజనానికి వెళ్ళాడని తెలిసింది. అతనికి ఫోన్ చేయించాను. జ్యోతి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. గ్లవుజులు ఉన్న చేతులతో తుడుచుకోకూడదు గనక అలాగే నిలబడింది.

అప్పుడు వరండాలో ఒక్కసారిగా కేక లేచింది. “దొరికింది! గాజు దొరికింది!” పది గొంతులు ఒకేసారి. వాటన్నిటినీ మించి మునెప్ప గొంతు: “దొరికిందంట డాక్టర్‌గారూ! బెంచీ కింద ఉండాదంట!”

థియేటర్లో అందరి భుజాలూ ఒకేసారి కిందికి దిగాయి. డాక్టరుగారు చెయ్యి చాపి సూది అడిగారు. జ్యోతి అందించబోయింది.

“ఆగు జ్యోతీ” అన్నాను. “ఆ ముక్క నా కంటికి కనపడాలి.”

“దొరికిందంటున్నారు కదా సిస్టర్! బట్టలతో పాటు వెళ్ళి అక్కడ పడి ఉంటుంది. టైము చూశారా?” ఆయన గొంతులో చిరాకు దాచుకోలేదు. ఆయన తప్పేమీ లేదు, బల్ల మీద మనిషి బాధ్యత ఆయనదే.

“చూశాను సార్. లెక్క నేను ఇంకా మూయలేదు.”

మునెప్ప వచ్చాడు. నిబంధన ప్రకారం ట్రేలో పెట్టి, రెండు చేతులా పట్టుకుని, గొప్ప గౌరవంతో తెచ్చాడు. ట్రేలో ఒక పచ్చగాజు ఉంది. మట్టి గాజు. మీద బంగారు చుక్కలు.

శ్రీనివాస్ గారు ఆ గాజువైపు చూసి, మాస్కు వెనకనుంచి నెమ్మదిగా అడిగారు: “ఇది ఏ సైజు గాజ్, సిస్టర్?”

ముందు మత్తు డాక్టరమ్మకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. ఒక్క నిమిషం ముందు సూది అందించి ఉంటే, ఆ పచ్చగాజును నమ్ముకుని పొట్ట మూసేసి ఉండేవాళ్ళం.

తెర వెనకనుంచి రెడ్డెమ్మ, “దొరికిందా అమ్మా?” అని అడిగింది. దొరికినంత వరకు దొరికిందని చెప్పాను.

ఈ గోల తగ్గితే తప్ప లోపల పని సాగదు. పచ్చగాజు తీసుకుని నేనే తలుపు దగ్గరికి వెళ్ళాను. నాగమ్మ ముఖం వెలిగిపోయింది. ఆమె పక్కన శంకరప్ప పాలిపోయి నిలబడి ఉన్నాడు. గాజును చూసి అయోమయంలో పడ్డాడు. “ఇంత పెద్దది ఎట్ల పోయిందమ్మా కడుపులోకి?” అన్నాడు.

“ఇది కడుపులోది కాదప్పా, బెంచీ కిందిది. గాజంటే మా దాంట్లో గుడ్డ. తెల్లగుడ్డ ముక్క. అది కనపడలేదు, దానికోసం చూస్తాండాం.”

“గుడ్డకు గాజని యాల పేరు పెడతారమ్మా!” అన్నాడు. చాలా న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పే తీరిక లేదు.

నాగమ్మ ఇవేవీ వినడం లేదు. దొరికిన గాజును మిగిలినవాటితో కలపాలని కొంగు ముడి విప్పింది. పచ్చగాజులు గలగలమన్నాయి. వాటి మధ్య ఆ తెల్లమూట. ఆమె బంగారు గాజు కూడా ఉందో లేదోనని దాన్ని విప్పి చూసుకుంది. మడత విడిన ఆ గుడ్డలో అడ్డంగా ఒక నీలం దారం ఉంది.

నా చెయ్యి ఎలా సాగిందో నాకు తెలియదు. ఆమె అరచేతిలోంచి గుడ్డ లాక్కున్నాను. బంగారు గాజు కింద పడి దొర్లుకుంటూ పోయింది. శంకరప్ప దాని వెనక పరుగెత్తాడు. నాగమ్మ లబలబలాడుతోంది. నేను ఆ గుడ్డను పైకెత్తి పట్టుకుని థియేటర్లోకి వచ్చాను. జ్యోతికి చూపించాను. నీలం దారం, మడత, అంచు, మేము ఆ రోజు విప్పిన ప్యాకెట్ లోదే. లెక్క కలిసింది. డాక్టరుగారు ఇంకొక్కసారి లోపల చేత్తో చూసుకుని, మారుమాట లేకుండా సూది అడిగారు. ఈసారి నేనే ఇమ్మన్నాను. ఆఖరి కుట్టు పడుతుండగా రెడ్డెమ్మ కాలి బొటనవేలు కదిలింది.

తర్వాత మునెప్పను కూర్చోబెట్టి అడిగాను. కోత పెట్టకముందు, లెక్క అయిపోయాక, బల్ల అంచు నుంచి ఒక ముక్క జారి కింద పడింది. ఎవరూ చూడలేదు, అతను తప్ప. సరిగ్గా అప్పుడే మత్తు డాక్టరమ్మ బంగారు గాజు తీసి, బయట ఇచ్చి రమ్మని అతని చేతిలో పెట్టింది. ఒక చేతిలో బంగారం, కళ్ళముందు తెల్లటి గుడ్డ.

“నేల మీద పడింది మల్లా వాడరు కదమ్మా. లెక్కలోంచి పోయినట్టే అనుకొంటి. పారేసేది యాల, బంగారు కదా, సుట్టి ఇద్దామని...”

మరి అంతసేపు దేనికోసం వెతికావయ్యా అని అడిగాను. “మీరు సెప్పిన గాజు కోసం. కడుపులోది” అన్నాడు. తను తీసింది కడుపులోకే పోలేదు గదా, అది వేరే అని అతని లెక్క. నేను కోప్పడాల్సినంత కోప్పడ్డాను. అతను తల వంచుకుని విన్నాడు. క్షమించమని అడిగాడు, మామూలు గొంతుతోనే. వార్డు మొత్తం విని ఉంటుంది.

సాయంత్రానికి కుప్పం నుంచి, పల్లె నుంచి రెండు ఆటోల జనం దిగారు. కడుపులో గాజుపెంకు ఉన్న మనిషిని చూడటానికి వచ్చారు. మాటలతో చెబితే నమ్మేటట్టు లేరని, ఎటూ తీయించాలనుకున్న ఎక్స్‌రే తీయించి, డాక్టరుగారు శంకరప్ప చేతికే ఇచ్చారు. అతను కిటికీ దగ్గర వెలుగుకు పట్టి, అద్దం నాణ్యత చూసేవాడిలా అటూ ఇటూ తిప్పి పరిశీలించాడు.

“ఈ తెల్లగా పొడుగ్గా ఉండేది ఏంది సార్?”

“అది మీ అక్క వెన్నెముక.”

“అయితే ఉండనీండి” అన్నాడు.

రెడ్డెమ్మ కోలుకుని ఇంటికి వెళ్ళింది. వెళ్ళేముందు నాగమ్మ తీరిగ్గా గాజులన్నీ కోడలి చేతులకు తొడిగించింది. అన్నీ తొడిగాక ఒక పచ్చగాజు మిగిలిపోయింది. కోడలి గాజుల్లో అసలు ఏదీ తగ్గనే లేదు. బెంచీ కింద దొరికింది ఎవరిదో తెలియదు. నాగమ్మ దాన్ని జ్యోతి చేతికి తొడిగి పోయింది.

ఆ తర్వాత మా థియేటర్లో గాజు అనే మాట తలుపు బయట వాడకూడదని, స్వాబ్ అనాలని నేను ఉత్తరువు ఇచ్చాను. మునెప్ప నోట అది జవాబు అయింది. “జవాబొకటి తగ్గింది” అని అతను అరిస్తే వరండాలో జనం ఏ ప్రశ్నకు అని అడగసాగారు. నెల తిరగకుండానే ఉత్తరువు వెనక్కి తీసుకుని, బయట కేకలు వేసే పనే మాన్పించాను. కింద పడిన ముక్కను కూడా లెక్క పూర్తయ్యేదాకా థియేటర్ దాటనివ్వకూడదని, లోపలి గుడ్డ ఏదీ బంధువుల చేతికి వెళ్ళకూడదని కొత్త నిబంధన పెట్టాం. నగలు చుట్టి ఇవ్వడానికి కాగితం కవర్లు తెప్పించాం.

ఈ సంగతి నాకు నేర్పింది చిన్నదే. పోయిన వస్తువు కోసం పదిమందీ కలిసి వెతుకుతున్నప్పుడు, అందరూ ఒకే వస్తువు కోసం వెతుకుతున్నారని అనుకోకూడదు. “దొరికింది” అన్న మాటతో లెక్క మూయకూడదు. వస్తువును తెప్పించి, చూసి, అప్పుడు సూది అందించాలి.